రోజోలో ఒక రోజో, రెండు రోజులో

డొమినికా వేరు, డొమినికన్ రిపబ్లిక్ వేరు. ఈ ముక్క ముందే తేల్చుకోకపోతే బ్యాంకువాళ్లకి తప్పు దేశం పేరు చెప్పి కార్డు బ్లాక్ చేయించుకుంటారు. ఇంట్లోవాళ్లు తప్పు దేశం తుఫాను వార్తలు చూసి కంగారు పడతారు. డొమినికన్ రిపబ్లిక్ స్పానిష్ మాట్లాడే పెద్ద దేశం. డొమినికా అలా కాదు. ఉత్తరాన గ్వాడెలూప్, దక్షిణాన మార్టినిక్ అనే ఫ్రెంచ్ దీవుల నడుమ కరీబియన్ సముద్రంలోంచి నిట్టనిలువునా లేచిన కొండల గుంపు అది, అంతా కలిపి 750 చదరపు కిలోమీటర్లు. ‘డొమినీకా’ అని ‘నీ’ మీద ఒత్తి పలుకుతారు. జనాభా 70 వేలు, అంటే మన దగ్గర ఒక మోస్తరు మండలంలో ఉన్నంతమంది. 1978 నవంబర్ 3న బ్రిటన్ నుంచి స్వతంత్రమైంది. ఆఫీసుల్లో ఇంగ్లిష్, ఇళ్లలో, సంతలో క్వెయోల్ అనే ఫ్రెంచ్ క్రియోల్, అంటే ఫ్రెంచ్ నుంచి పుట్టిన కలగలుపు భాష.

రాజధాని పేరు రోజో. సెమిస్టరంతా ఓడ మీదే చదివే విద్యార్థులు ఇక్కడ ఆగేది కూడా ఒక రోజో, రెండు రోజులో. ఆ కొద్ది గంటల్లో దీవంతా చుట్టేయాలని చూసేవాళ్లకి చివరికి గుర్తుండేది వ్యాను కిటికీ ఒక్కటే. ఇక్కడ కిలోమీటర్ల లెక్క పనికిరాదు, గంటల లెక్క వేసుకోవాలి. ఉత్తరాన ఉన్న పోర్ట్స్‌మత్ 40 కిలోమీటర్లే, వెళ్లడానికి మాత్రం గంట పైనే పడుతుంది. దారంతా వంపులే. నా సలహా ఒక్కటే: రోజో నది లోయని పట్టుకోండి, దాన్ని వదలకండి. సముద్రం ఒడ్డు నుంచి పొగలు కక్కే నేల దాకా పది, పన్నెండు కిలోమీటర్లలో అన్నీ ఆ లోయలోనే ఉన్నాయి. ఓడ మీద మీరు రాస్తున్న లాగ్‌బుక్ అంకెలకి జవాబులూ చాలావరకు అక్కడే దొరుకుతాయి.

దిగే ముందు

ఓడలు రెండు రకాలు. వందలమంది విద్యార్థులతో తేలే క్యాంపస్ లాంటి పెద్ద ఓడ అయితే నేరుగా బేఫ్రంట్ దగ్గరి క్రూయిజ్ బెర్త్‌కో, ఊరికి మైలు దూరంలో ఉత్తరాన ఉన్న వుడ్‌బ్రిడ్జ్ బే రేవుకో కడతారు. మెట్లు దిగితే ఊళ్లో ఉంటారు. పాతికమంది లోపు విద్యార్థులతో తెరచాపల మీద నడిచే శిక్షణ ఓడ అయితే సంగతి వేరు. రోజో ముందు సముద్రపు అడుగు ఒడ్డు నుంచి కొద్ది దూరంలోనే దబ్బున లోతుకి పడిపోతుంది. లంగరు పట్టేంత మెట్ట తక్కువ. అందుకే చిన్న పడవలు మూరింగ్ బోయాలకి, అంటే సముద్రపు అడుక్కి బిగించి నీటి మీద తేలేలా ఉంచిన బుంగలకి కట్టుకుంటాయి. మీరు ఒడ్డుకు వచ్చేది రబ్బరు పడవలో.

రబ్బరు పడవ ఎక్కేటప్పుడు జరిగే ప్రమాదాలు చాలావరకు ఒకే తప్పు వల్ల. ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో చెప్పులు పట్టుకుని దిగుతారు. సామాను ముందు నీళ్లు చొరని సంచిలో వేసి అందించండి. రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని, అవతలివాళ్ల మణికట్టుని మీరూ మీ మణికట్టుని వాళ్లూ పట్టుకోవాలి. వేళ్లు పట్టుకుంటే తడికి జారిపోతాయి. అల మీద పడవ పైకి లేచిన క్షణంలో పాదం మధ్యలో పెట్టాలి, అంచు మీద కాదు. చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చే పొడవాటి అలలు ఉన్న రోజున ఒడ్డు చేరడమే కష్టం. ఆ రోజు కార్యక్రమం రెండు గంటలు ఆలస్యమవుతుందని ముందే అనుకోండి.

ఓడ చేరగానే దిగనివ్వరు. తెరచాప స్తంభం మీద పసుపుపచ్చ క్యూ జెండా ఎగురుతున్నంతసేపూ కస్టమ్స్, ఇమిగ్రేషన్ తనిఖీ పూర్తికాలేదని అర్థం. కెప్టెన్ పాస్‌పోర్టులన్నీ పట్టుకుని వెళ్లి వచ్చాకే జెండా దిగుతుంది, మనమూ దిగుతాం. సాధారణంగా పాస్‌పోర్టు ఓడలోనే ఉంటుంది కాబట్టి దాని ఫొటోకాపీ, ఓడ గుర్తింపు కార్డు, ఓడ ఏజెంటు ఫోన్ నంబరు రాసిన కాగితం జేబులో పెట్టుకోండి. కాగితమే. ఫోన్ తడిసినా, ఛార్జింగ్ అయిపోయినా కాగితం చదవచ్చు.

శిక్షణ ఓడల్లో రేవులో ఉన్నా వాచ్, అంటే వంతులవారీ కాపలా, ఆగదు. విద్యార్థుల్ని మూడు జట్లు చేసి రోజుని ఐదు ముక్కలుగా నడిపే పద్ధతి ఒకటుంది: ఉదయం 7 నుంచి 1, మధ్యాహ్నం 1 నుంచి 7, రాత్రి 7 నుంచి 11, 11 నుంచి 3, 3 నుంచి 7. జట్లు మూడు, ముక్కలు ఐదు. అందుకే ఎవరి వేళలూ రెండు రోజులు వరసగా ఒకేలా ఉండవు. ఒడ్డున గడిపే రోజు కూడా ఒక జట్టు ఓడ మీద కాపలా ఉండాలి. ఆ పట్టిక ముందురోజు రాత్రే చూసుకోండి. మీకు దొరికేది పూట మాత్రమేనని తెల్లారాక తెలిస్తే టాక్సీకి కట్టిన డబ్బు పోతుంది. తెల్లవారుజామున 3 నుంచి 7 వాచ్ చేసినవాళ్లు అదే పగలు ఆరేడు గంటల కొండదారి పెట్టుకోవద్దు. నిద్రలేని కాళ్లే మడతపడతాయి.

ఇక గడియారం. డొమినికా ఏడాది పొడవునా యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) నాలుగు గంటలు వెనక ఉంటుంది, వేసవికని గడియారం మార్చరు. చలికాలంలో బహామాస్ మీదుగా వస్తే మధ్యలో ఒక గంట ముందుకి జరపాలి. కొన్ని ఓడలు దీవి సమయానికి మారవు, ఓడ సమయమే పాటిస్తాయి. దిగగానే ఫోన్ తనంతట తాను స్థానిక సమయానికి మారిపోతుంది. ఓడ వెనక్కి రమ్మన్న గంట ఏ గడియారం ప్రకారమో మెట్ల దగ్గర బోర్డు మీద చూసి, చేతి గడియారాన్ని దానికే కట్టేయండి. ఫోన్‌తో ఇంకో తంటా ఉంది. దీవి ఉత్తర, దక్షిణ కొసల్లో అది పక్క ఫ్రెంచ్ దీవుల టవర్ని పట్టుకుని ఫ్రాన్స్ రోమింగ్ లెక్క మొదలుపెట్టవచ్చు. నెట్‌వర్క్ ఎంపికని ఆటోమేటిక్ నుంచి తీసేసి చేత్తో పెట్టుకోండి.

డబ్బు, పలకరింపు

ఇక్కడి డబ్బు తూర్పు కరీబియన్ డాలర్, జనం నోట ‘ఈసీ’. 1976 నుంచి ఒక అమెరికన్ డాలర్‌కి 2.70 ఈసీ, మారదు. అమెరికన్ నోట్లు దాదాపు అందరూ తీసుకుంటారు, చిల్లర మాత్రం ఈసీలో ఇస్తారు. ఆ లెక్కలో 2.70కి బదులు కాస్త తక్కువే కట్టిస్తారు. ఒకటి, ఐదు డాలర్ల నోట్లు దగ్గర పెట్టుకోండి. వంద నోటు చూపిస్తే సంతలో ఎవరి దగ్గరా చిల్లర ఉండదు. అసలు గొడవ వచ్చేది మాత్రం టాక్సీ దిగాక. డ్రైవర్ ‘నలభై’ అంటాడు, మీరు ఈసీ అనుకుంటారు, ఆయన చెప్పింది అమెరికన్ డాలర్లు. ఎక్కకముందే మూడు విషయాలు అడగాలి: ఏ డాలర్లు, మనిషికా బండికా, రానూపోనూ కలిపేనా.

మినీబస్సులు టాక్సీల కన్నా ఎంతో చవక. బస్సులకీ టాక్సీలకీ నంబరు ప్లేటు ‘హెచ్’తో మొదలవుతుంది. లేని బండి ఎక్కకండి. టైమ్‌టేబుల్ అంటూ లేదు, నిండితే కదులుతుంది. వెళ్లేటప్పుడు సులువుగా దొరికేది తిరిగి వచ్చేటప్పుడు దొరక్కపోవచ్చు. ఆదివారమైతే బస్సుల మీద ఆశే పెట్టుకోవద్దు, దుకాణాలూ చాలావరకు మూసే ఉంటాయి. మీ ఓడ ఆదివారం ఆగుతోందంటే నలుగురైదుగురు కలిసి పూటకి టాక్సీ మాట్లాడుకోవడమే దారి.

మర్యాద సంగతి ఒకటి. ఎవరినైనా ఏదైనా అడిగే ముందు ‘గుడ్ మార్నింగ్’ అనాలి. బస్సు ఎక్కితే లోపల ఉన్న అందరికీ కలిపి ఒకసారి, కొట్లోకి వెళ్తే ఇంకోసారి. మధ్యాహ్నం దాటితే ‘గుడ్ ఆఫ్టర్‌నూన్’. నేరుగా ‘ట్రఫాల్గర్ బస్సు ఎక్కడ?’ అని అడిగితే జవాబు ముభావంగా వస్తుంది. అది కోపం కాదు, మీరు పలకరించలేదని గుర్తుచేయడం. మన పల్లెల్లోనూ అంతేగా, ‘ఏం పెద్దాయనా, బాగున్నారా’ అన్నాకే దారి అడుగుతాం. క్వెయోల్‌లో ‘బోంజూ’, ‘మెసీ’ అని రెండు మాటలు నేర్చుకుంటే సంతలో ముఖాలు విప్పారతాయి. ఇంకొకటి: మిలిటరీ మచ్చల గుడ్డలు ఇక్కడ పౌరులకి నిషేధం. ప్యాంటే కాదు, టోపీ, సంచీ కూడా. ఓడలోనే వదిలేయండి.

లోయలోకి

పొద్దున్నే ఎనిమిదిన్నరకి ఒడ్డు చేరారనుకుందాం. ముందు బెర్త్ వైపు చూడండి. ఇంకో పెద్ద క్రూయిజ్ ఓడ ఉంటే పది నుంచి ఒంటిగంట దాకా ట్రఫాల్గర్ జలపాతాల దగ్గర వేలు పెట్టే సందు ఉండదు. నేరుగా అక్కడికే పోవాలి. ఓడ లేకపోతే తొందరలేదు.

ట్రఫాల్గర్ జలపాతాలు రోజో నుంచి ఎనిమిది కిలోమీటర్లు, అరగంట లోపు. పార్కు ప్రవేశానికి సైట్ పాస్ కొనాలి. విదేశీయులకి ఒక్క చోటుకి 5 అమెరికన్ డాలర్లు, వారం పాస్ 12 అని ఏళ్లుగా నడిచింది. మూడు చోట్లు చూసేవాళ్లకి వారం పాసే లాభం. గేటు నుంచి చూసే అరుగు దాకా పది, పదిహేను నిమిషాల నడక. జలపాతాలు రెండు. పొడుగుది ‘ఫాదర్’, సుమారు 38 మీటర్లు. పొట్టిది ‘మదర్’. ఇక్కడ అసలు చూడాల్సింది ఎత్తు కాదు, రంగు. ఫాదర్ కింద బండల మీద నారింజ, తుప్పు రంగు చారలు కనిపిస్తాయి. అది వేడినీటి ఊట మోసుకొచ్చిన ఇనుము. చన్నీళ్లూ వేన్నీళ్లూ అడుగు దూరంలో పక్కపక్కన పారతాయి.

ఓడ ల్యాబ్ నుంచి చిన్న థర్మామీటర్ అడిగి తెచ్చుకుంటే ఇక్కడ మంచి పని పడుతుంది. నది సముద్రంలో కలిసే చోట ఒకసారి, ట్రఫాల్గర్ చన్నీటి పాయలో ఒకసారి, వేడి పాయలో ఒకసారి చూసి, పక్కన సమయం, ఎత్తు రాసుకోండి. నీటి నమూనాలు సీసాలో పట్టడం మాత్రం వద్దు. పార్కులోంచి ఏది తీసుకెళ్లాలన్నా అనుమతి కావాలి. అంకెలకి అనుమతి అక్కర్లేదు.

అరుగు దాటి బండల మీదకి వెళ్లేవాళ్లే ఎక్కువగా కాలు విరగ్గొట్టుకుంటారు. బండలు బస్సంత ఉంటాయి, నాచు పట్టి ఉంటాయి. పైగా ఐదారు రోజులు సముద్రం మీద ఉండి వచ్చినవాళ్లకి మొదటి రోజు నేల ఊగుతున్నట్టే ఉంటుంది. చెవిలోని తూకం ఇంకా అలల లెక్కలోనే ఉంటుంది కదా. గంటా రెండు గంటలు చదును నేల మీద నడిచాక గానీ బండలెక్కే పని పెట్టుకోవద్దు. ఇంకో జాగ్రత్త అంతకన్నా ముఖ్యం. రోజోలో ఎండ కాస్తున్నా పైన కొండల్లో కుంభవృష్టి పడుతూ ఉండొచ్చు. దీవి లోపలి ఎత్తుల్లో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకి పైగా కురుస్తుంది. విశాఖలో వెయ్యి పైచిలుకు. నీళ్లు రంగు మారినా, ఆకులు పుల్లలు ఎక్కువగా కొట్టుకొస్తున్నా, చప్పుడు మారినా, ఫొటో సగంలో ఉన్నా సరే వెంటనే గట్టెక్కండి. ఇరుకు లోయల్లో నీరు నిమిషాల్లో పెరుగుతుంది.

అక్కడి నుంచి వాటెన్ వేవెన్ దగ్గర. గంధకపు ఊటల ఊరు. కుళ్లిన గుడ్ల వాసన ఊరికి ముందే పలకరిస్తుంది. డబ్బు తీసుకుని వేడినీటి తొట్లలో కూర్చోనిచ్చే చోట్లు నాలుగైదు ఉన్నాయి. దిగే ముందు వెండి అంతా తీసేయండి. మొలతాడు బిళ్ల, పట్టీలు, ఉంగరం, ఏదైనా సరే, హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలితే నల్లబడిపోతుంది. బంగారానికి ఏమీ కాదు. పదిహేను, ఇరవై నిమిషాలకి మించి కూర్చుంటే లేవగానే కళ్లు తిరుగుతాయి, ముఖ్యంగా నీళ్లు సరిగ్గా తాగకుండా వచ్చినవాళ్లకి.

ఓడలో వాంతులు రాకుండా చెవి వెనక స్కోపోలమీన్ మందు పట్టీ పెట్టుకున్నవాళ్లు మరీ జాగ్రత్త. అది చెమట పట్టడాన్ని తగ్గిస్తుంది, నోరు ఎండగొడుతుంది. ఎండలో కొండ ఎక్కేటప్పుడూ, వేడినీళ్లలో కూర్చున్నప్పుడూ ఒళ్లు చల్లబడే దారి మూసుకుపోతుంది. రెండు రోజులు రేవులోనే ఉంటే పట్టీ తీసేయడం గురించి ఓడ డాక్టర్నో, మందులు చూసే అధికారినో అడగండి. తీశాక చేతులు సబ్బుతో కడగాలి. ఆ చేత్తో కన్ను నులిమితే చూపు మసకబారుతుంది.

లోయ పైకొసన లోడా అనే ఊరు. అక్కడి టీటూ గార్జ్‌లో నిలువు రాతిగోడల మధ్య ఈదుకుంటూ చిన్న జలపాతం దాకా వెళ్లొచ్చు. నీళ్లు చల్లగా ఉంటాయి, లైఫ్ జాకెట్ అద్దెకి తీసుకోండి. వాన పడుతుంటే వెళ్లకండి. లోపలికి పోయాక పక్కకి తప్పుకునే చోటు లేదు.

బాయిలింగ్ లేక్: పోవాలా, వద్దా

అందరూ అడిగేది దీని గురించే. సుమారు 60 మీటర్ల వెడల్పున్న చెరువు, బూడిద రంగు నీళ్లు, నడిమధ్య తెర్లుతూ ఉంటాయి. పేరుకి చెరువే గానీ నిజానికి అది నీటమునిగిన ఆవిరి బిలం. కింద శిలాద్రవం వేడికి లేచే ఆవిరి, పైనుంచి పడే వాననీరూ వాగులూ, ఈ రెంటి పోటీ అది. ఆ తూకం తప్పితే చెరువు ఖాళీ అవుతుంది. 2004 చివర్లో అలాగే నీరు ఇంకిపోయి, తర్వాత మళ్లీ నిండింది. ఒడ్డు నీళ్లే 80, 90 డిగ్రీల మధ్య ఉంటాయి. సుమారు 800 మీటర్ల ఎత్తున నీరు వందకి కాదు, 97 దగ్గరే మరుగుతుందని గుర్తుంటే ఆ అంకెలు ఇంకా బాగా అర్థమవుతాయి.

దారి టీటూ గార్జ్ దగ్గర మొదలవుతుంది. రానూపోనూ 13 కిలోమీటర్లు, ఆరేడు గంటలు. గంట నడిచాక బ్రేక్‌ఫస్ట్ నది. తాగునీళ్లు నింపుకునే ఆఖరి చోటు అదే. తర్వాత మోర్న్ నికల్స్ శిఖరం, అక్కణ్నుంచి బురద మెట్ల మీదుగా ‘వ్యాలీ ఆఫ్ డిసోలేషన్’లోకి దిగుడు. అక్కడ పైపెంకు పలచగా ఉంటుంది, కింద బుడగలు కక్కే బురద. గైడ్ పాదం పెట్టిన చోటే మీ పాదం పడాలి. గైడ్ లేకుండా ఈ దారి పట్టేవాళ్లకి చెప్పేదేమీ లేదు, పొగమంచు దిగితే దారే కనిపించదు. తలా రెండు లీటర్ల నీళ్లు, ఉప్పు తగిలే తిండి, వానకోటు, కాలికి బిగిసే బూట్లు. చెప్పులతో కుదరదు.

ఓడ అదే సాయంత్రం ఐదింటికి కదులుతుందంటే నేనైతే వద్దంటాను. ఎనిమిదిన్నరకి దిగి, తొమ్మిదిన్నరకి లోడా చేరి, ఏడు గంటలు నడిస్తే నాలుగున్నర. లోడా నుంచి రేవుకి ఇంకో ముప్పావు గంట. ఎవరికీ కాలు బెణక్కపోయినా లెక్క అప్పటికే తప్పింది. రాత్రికి ఓడ అక్కడే ఉంటే మాత్రం పోండి. దీవిలో దీనికి సాటి వచ్చే నడక లేదు.

ఊళ్లో మిగిలిన పూట

కొండ వద్దనుకున్నవాళ్లు ఒంటిగంటకి రోజో తిరిగి వస్తారు. బొటానిక్ గార్డెన్స్‌లో ఒక్క చెట్టు చూస్తే చాలు. 1979 ఆగస్టు 29న డేవిడ్ హరికేన్ వచ్చినప్పుడు ఒక ఆఫ్రికన్ బావోబాబ్ స్కూలు బస్సు మీద పడింది. బస్సులో ఎవరూ లేరు. నుజ్జయిన ఆ పసుపు బస్సు ఇంకా అక్కడే ఉంది, చెట్టు దాని మీదే మళ్లీ చిగురించింది. 2017 సెప్టెంబర్ 18 రాత్రి ఐదో కేటగిరీ మరియా హరికేన్ దీవంతా అడవి ఆకు రాల్చేసి, ఇళ్ల కప్పులు ఎగరేసిపోయింది. పోర్ట్స్‌మత్‌లో దశాబ్దాలుగా నడిచిన రాస్ వైద్య విశ్వవిద్యాలయం ఆ దెబ్బకే బార్బడోస్‌కి తరలిపోయింది. అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాల్లో కొందరికి ఆ పేరు తెలిసే ఉంటుంది. టాక్సీ డ్రైవర్లు ఏ సంగతి చెప్పినా ‘మరియాకి ముందు, మరియా తర్వాత’ అనే లెక్కలోనే చెబుతారు. అడిగితే చెబుతారు, కానీ మొదటి ప్రశ్నే అదైతే బాగుండదు.

బేఫ్రంట్ వెనకే ఓల్డ్ మార్కెట్. ఇప్పుడు బుట్టలు, సబ్బులు అమ్మే చోటే ఒకప్పుడు మనుషుల్ని అమ్మారు. కూరగాయల సంత వేరే ఉంది, నది ఒడ్డున. శనివారం పొద్దున అయితే తప్పక చూడాలి. మనవాళ్లకి అక్కడ సగం సరుకు తెలిసిందే: డాషీన్ అంటే చేమదుంప, యామ్ అంటే పెండలం, బ్రెడ్‌ఫ్రూట్ అంటే సీమ పనస, సవర్‌సాప్ అంటే లక్ష్మణ ఫలం. దుంపలన్నిటినీ కలిపి ‘ప్రొవిజన్’ అంటారు. శాకాహారులు ‘ఐటల్’ భోజనం ఎక్కడ దొరుకుతుందో అడగండి. అది రాస్తాఫారీ అనే మతం పాటించేవాళ్ల వంట, మాంసం, చేపలు తగలవు. ఆకుకూర చారే కదా అని కాలలూ తాగేయకండి, అందులో పీతో, ఉప్పు పట్టించిన మాంసమో ఉండటం మామూలే. రోటీ అని బోర్డు కనిపిస్తే అది ట్రినిడాడ్, గయానాలకి కూలికి వెళ్లిన మన దేశస్థుల నుంచి వచ్చింది. లోపల కూర పెట్టి మడిచి ఇస్తారు. ఇక్కడి ‘బెల్లో’ బ్రాండ్ మిరప సాస్‌ని గుంటూరు ధీమాతో గుమ్మరించకండి, స్కాచ్ బోనెట్ మిరప కారం ఆలస్యంగా తగులుతుంది.

‘మౌంటెన్ చికెన్’ పేరు పాత మెనూల్లో కనిపించవచ్చు. అది కోడి కాదు, పెద్ద కప్ప. 2002 ప్రాంతంలో వచ్చిన శిలీంద్ర రోగంతో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. దాని గురించి అడిగినా జంతుశాస్త్రం క్లాసు కోసమే అడగండి.

నీటి వైపు

రెండో రోజు ఉందా, అయితే సముద్రం వైపు తిరగండి. లంగరు పట్టనివ్వని ఆ నిలువు వాలే స్పెర్మ్ తిమింగలాలని ఒడ్డుకి దగ్గరగా ఉంచుతోంది. వేల అడుగుల లోతు కొద్ది మైళ్లలోనే మొదలవుతుంది, పైగా తూర్పు నుంచి వచ్చే గాలికి కొండలు అడ్డు నిలబడి పడమటి నీళ్లని నిమ్మళంగా ఉంచుతాయి. ఇక్కడ తిమింగలాల కుటుంబాలు ఏడాది పొడవునా కనిపిస్తాయి. షేన్ గెరో నడిపే స్పెర్మ్ వేల్ ప్రాజెక్టు 2005 నుంచి వాటిని ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి రాస్తోంది. 2023 నవంబర్‌లో ప్రభుత్వం సుమారు 800 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని వీటి రక్షణ కోసం ప్రకటించింది. దీవి నేల కన్నా అది ఎక్కువ.

చూపించే పడవలు మూడు, మూడున్నర గంటలు తిప్పుతాయి. నీటిలోకి హైడ్రోఫోన్, అంటే నీటి అడుగు శబ్దాలు పట్టే మైకు, దించి వింటారు. టక్ టక్ అని సమంగా వినిపిస్తే తిమింగలం కింద వేటలో ఉంది. శబ్దం ఆగిపోతే పైకి వస్తోందని లెక్క. తోక ఎత్తి మునిగిందంటే మళ్లీ ముప్పావు గంట దాకా రాదు, కాబట్టి కెమెరా దించేసి వినండి. గుంపుగా ఉన్నప్పుడు ‘టక్… టక్… టక్‌టక్‌టక్’ అనే వరస వినబడవచ్చు. ఈ ప్రాంతపు తెగ తన గుర్తుగా వాడే పలుకు అది. నీళ్లలో వాటి పక్కన ఈదడానికి ప్రత్యేక అనుమతి కావాలి. ఎవరైనా ‘పర్లేదు దూకండి’ అంటే దూకకండి.

అంత డబ్బు వద్దనుకుంటే ఊరికి దక్షిణాన పావుగంట దూరంలో షాంపేన్ రీఫ్. అడుగు నేలలోంచి వేడి వాయువు బుడగలు బుడగలుగా వస్తుంటుంది. నోటితో ఊపిరి పీల్చే స్నార్కెల్ గొట్టం, నీటి కళ్లద్దాలు చాలు. ఒడ్డు ఇసుక కాదు గులకరాళ్లు, పాతబూట్లు వేసుకోండి. ఈ తీరాల్లో మంచినీల్ చెట్టుంది, ఎర్ర గీత పూసి ఉంచుతారు చాలాచోట్ల. చిన్న పచ్చ ఆపిల్లాంటి పండు, పాలు తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. వానకి దాని కింద నిలబడటం అన్నిటికన్నా పెద్ద తప్పు.

అమెరికాలో చదివే మన పిల్లలకి

భారతీయ పాస్‌పోర్టుకి డొమినికా ముందస్తు వీసా అడగని దేశాల్లో ఒకటి. చిక్కు ఇక్కడ కాదు, తిరిగి అమెరికాలో అడుగుపెట్టేటప్పుడు. ఎఫ్-1 విద్యార్థి హోదా మీద ఉండి, పాస్‌పోర్టులో వీసా స్టాంప్ గడువు దాటిపోయినవాళ్లకి ‘ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్’ అనే వెసులుబాటు ఉంది. విద్యార్థులకి అది కెనడా, మెక్సికోలతో పాటు క్యూబా మినహా పక్క దీవులకీ వర్తిస్తుంది. ఆ దీవుల జాబితాలో విండ్‌వర్డ్, లీవర్డ్ దీవులున్నాయి కాబట్టి డొమినికా కూడా వస్తుంది. షరతులు: మొత్తం యాత్ర 30 రోజుల లోపు, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన నమోదు) చెల్లుబాటులో ఉండాలి, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం) మీద ప్రయాణ సంతకం ఏడాది లోపుది, ఆ యాత్రలో కొత్త వీసాకి దరఖాస్తు చేసి ఉండకూడదు.

చాలామంది పప్పులో కాలేసేది ఓడ దారి చూడకపోవడం వల్ల. అదే ఓడ డొమినికా తర్వాత బ్రెజిల్‌కో ఆఫ్రికాకో పోతుందంటే ఈ వెసులుబాటు ఎగిరిపోయినట్టే. ఆరు వారాల యాత్ర అయినా అంతే. ఇంకొకటి, అమెరికా వర్జిన్ దీవుల్లోని సెయింట్ క్రాయ్‌లో ఓడ ఎక్కి దిగే కార్యక్రమాలుంటాయి. అమెరికా భూభాగమే కదా అని కాగితాలు ఇంట్లో వదిలేయొద్దు, అక్కడి నుంచి ప్రధాన భూభాగానికి ఎగిరేటప్పుడు విమానాశ్రయంలో తనిఖీ ఉంటుంది. నిబంధనలు మారుతుంటాయి. టికెట్ కొనకముందే యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో ఓడ దారిపటం చూపించి అడగండి.

తిరిగి ఓడకి

చెప్పిన వేళకి గంట ముందు రేవులో ఉండేలా వెనక్కి లెక్కవేయండి. పండ్లు, మట్టి, గింజలు, పచ్చి ఆకులు ఏవీ ఎక్కనివ్వరు, తర్వాతి రేవులో ఓడకే తంటా. బూట్ల అడుగున ఇరుక్కున్న బురద కూడా మట్టే. రేవులోనే బ్రష్‌తో గీకి కడగండి. మద్యం సీసాలు కొన్నవాళ్లు దాచే ప్రయత్నం చేయకుండా మెట్ల దగ్గరే అప్పగించాలి. తడి బట్టలు మీ పడక మీద పెట్టకండి, ఓడలో ఆరవు, ముక్కిపోతాయి.

ఒక పని మాత్రం మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ఓడ రోజో వదిలి దక్షిణానికి తిరిగాక గంటా గంటన్నర సముద్రం అద్దంలా ఉంటుంది. కొండల చాటు కదా. స్కాట్స్ హెడ్ కొస దాటగానే మార్టినిక్ చానెల్, తూర్పు గాలి ఒక్కసారిగా అందుకుంటుంది. దాటాక వాంతుల మాత్ర మింగితే అది పనిచేసేసరికి మీరు రైలింగ్ దగ్గర ఉంటారు. తాడు విప్పుతున్నప్పుడే వేసుకోండి. థర్మామీటర్ ల్యాబ్‌లో తిరిగి ఇచ్చి, బల్ల మీద ఉన్న కప్పు, కంప్యూటర్ కట్టేసి, ఆ తర్వాత దీవి ఫొటోలు తీసుకోవచ్చు.